టేపు వేసిన అట్టపెట్టెలో పిల్లికూన దొరికింది, ఇప్పుడేం చేయాలి?

మూడోఅంతస్తు · 1వ రోజు, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

సాయంత్రం బండి పెట్టి వస్తుంటే పార్కింగ్‌లో స్తంభం వెనక ఒక అట్టపెట్టె ఉంది. పైన బ్రౌన్ టేపు నిలువుగా, అడ్డంగా వేసేశారు. ఎవరిదో సామాను అనుకుని దాటిపోయాను. లోపల్నుంచి గోటితో గీకుతున్న చప్పుడు వినిపించి వెనక్కొచ్చాను. బండి తాళంచెవితో టేపు కోసి చూస్తే పిల్లికూన. ఒక్కటే. అరచేతిలో పడుకోబెడితే ఇంకా చోటు మిగిలింది. తెలుపు మీద నలుపు, నారింజ మచ్చలు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నీలంగా. చెవులు ఇంకా సగం మడతలోనే ఉన్నాయి.

పైకి తెచ్చి ఫ్రిజ్‌లోంచి పాలు తీసి, స్పూనుతో పట్టాను. రెండు స్పూన్లు తాగింది, ముక్కులోంచి కొంచెం బయటికొచ్చింది. మొదట బాగా అరిచింది. ఇప్పుడు అరుపు కూడా మానేసి ముడుచుకుంది. నిద్రో నీరసమో తెలియట్లేదు.

ఒక్కణ్ణే ఉంటాను. జన్మలో ఏ జంతువునీ పెంచలేదు. ఉంచుకునే ఉద్దేశం లేదు, ఎవరికైనా ఇచ్చేస్తాను. ముందు ఈ రాత్రి గడిచే దారి చెప్పండి.

సందేహంసున్నా · 1వ రోజు, రాత్రి 9:58

ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టేయండి. తల్లి వచ్చి తీసుకెళ్తుంది. అయినా మీరు ముట్టుకున్నారుగా, ఇంక అది దగ్గరికి రానివ్వదు.

పిల్లులక్క · 1వ రోజు, రాత్రి 10:03

టేపు వేసిన పెట్టెలోంచి తల్లి ఎలా తీసుకెళ్తుందండీ? మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది ఒట్టి మాట. నా చేతుల మీదుగా ఎన్ని కూనలు మళ్ళీ తల్లి దగ్గరికి వెళ్ళాయో.

మూడోఅంతస్తు, పాలు పట్టడం ఆపండి. చిటికెనవేలు కొస దాని నోట్లో పెట్టి చూడండి. వెచ్చగా ఉందా, చల్లగా ఉందా? పాదాలు కూడా చూడండి. ఆన్‌లైన్‌లోనే ఉన్నాను.

మూడోఅంతస్తు · 1వ రోజు, రాత్రి 10:06

చల్లగా ఉందక్కా. నోరు కూడా.

పిల్లులక్క · 1వ రోజు, రాత్రి 10:10

సరే. లేవండి. చల్లబడ్డ కూనకి ఏదీ పట్టకూడదు. ఒళ్ళు చల్లగా ఉంటే దాని పేగులు పనిచేయవు. తాగింది కడుపులోనే నిలిచిపోతుంది, మింగే సత్తువ లేక ఊపిరితిత్తుల్లోకి కూడా పోవచ్చు. ముందు వేడి, తర్వాతే తిండి.

ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్ళు పోయండి, మరిగేవి కాదు. మూత గట్టిగా బిగించి, టవలు రెండు చుట్లు చుట్టి దాని పక్కన పెట్టండి. కింద పెట్టకండి. వేడెక్కువైతే అది జరగడానికి చోటుండాలి. లేదంటే చొక్కా లోపల గుండెకి ఆనించుకుని కూర్చోండి, అంతకన్నా మంచి హీటరు లేదు. గంట పట్టినా ఫరవాలేదు, మెల్లగా వేడెక్కాలి.

పశువైద్యవిద్యార్థి · 1వ రోజు, రాత్రి 10:21

ఫైనలియర్‌లో ఉన్నాను, డాక్టర్ని కాను, కాబట్టి పొద్దున్నే ఎవరైనా వెట్‌కి చూపించండి. అక్క చెప్పినదానికి మూడు ముక్కలు కలుపుతాను.

కళ్ళు తెరిచి, చెవులు సగం లేచాయంటే వయసు సుమారు రెండు వారాలు. ఈ వయసులో ఒంటి వేడి 36 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. అది తనంతట తాను ఆ వేడి నిలుపుకోలేదు. తల్లి, తోడబుట్టినవాళ్ళు మీద పడి పడుకుంటేనే నిలుస్తుంది.

మామూలు పాలు వద్దు. లాక్టోజ్ అరగక విరేచనాలు పట్టుకుంటాయి, ఇంత చిన్నదానికి ఒక్క పూట విరేచనాలు చాలు. పిల్లికూనల కోసం చేసే పాలపొడి దొరుకుతుంది, అదే కావాలి.

పట్టేటప్పుడు పసిపిల్లలా వెల్లకిలా పడుకోబెట్టకండి. బోర్లా, తల కొద్దిగా పైకి, తల్లి దగ్గర తాగినట్టే. ముక్కులోంచి పాలొచ్చాయన్నారు కాబట్టి ఊపిరి గమనించండి. నోరు తెరిచి ఎగపోస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు.

గోడమీదపిల్లి · 1వ రోజు, రాత్రి 10:30

బ్రదర్, కింద ఆ స్తంభాల వెనక ఇంకోసారి టార్చి వేసి చూశావా? ఒక్కదాన్నే పెట్టి ఉండకపోవచ్చు.

మూడోఅంతస్తు · 1వ రోజు, రాత్రి 11:34

చొక్కాలో వేసుకునే కిందికెళ్ళి మొత్తం వెతికాను. బళ్ళ కింద, జనరేటర్ వెనక కూడా. ఇంకేం లేవు. వాచ్‌మన్‌కి చెప్పాను, పొద్దున మళ్ళీ చూస్తానన్నాడు.

అక్కా, వెచ్చబడింది! పొట్ట మీద పాకుతోంది. గోళ్ళు బనియన్‌లో చిక్కుకుని లాగుతుంటే కేకలు. ఇందాక ఎందుకు అరుస్తోందా అనిపించింది, ఇప్పుడా అరుపు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. దగ్గర్లో రాత్రంతా తెరిచి ఉండే వెట్‌కి ఫోన్ చేశాను. పాలపొడి పొద్దున దొరుకుతుందట, అప్పటిదాకా గోరువెచ్చటి ఓఆర్ఎస్ చుక్కలు చుక్కలుగా పట్టమన్నారు. పడుతున్నాను.

పిల్లులక్క · 1వ రోజు, రాత్రి 11:41

మంచిది. ఇంకో పనుంది, సిగ్గుపడకుండా చేయాలి. దూదిని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండి, తోక కింద మెల్లగా రుద్దండి. ఈ వయసులో వాటంతటవి ఉచ్చ పోయలేవు, తల్లి నాకితేనే వస్తుంది. పట్టిన ప్రతిసారీ చేయాలి. ఇంకో వారం పది రోజులు మీరే తల్లి.

మూడోఅంతస్తు · 1వ రోజు, రాత్రి 11:58

వచ్చింది. నా మోకాలి మీద.

గోడమీదపిల్లి · 2వ రోజు, అర్ధరాత్రి 12:04

శుభం. ఇంక ఎవరికో ఇచ్చేస్తానన్న మాట మీద నిలబడు చూద్దాం.

మూడోఅంతస్తు · 2వ రోజు, సాయంత్రం 6:15

వెట్ చూశారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. ఒంటినిండా పిల్లి పేలు, అదే ఫ్లీస్. ఇంత చిన్నదానికి మందు వేయకూడదని పేల దువ్వెనతో దువ్వి, సబ్బునీళ్ళ గిన్నెలో ముంచమన్నారు. నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. నులిపురుగుల మందు ఒక చుక్క వేశారు. బరువు 212 గ్రాములు. వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి, గిన్నెలో దీన్ని పెట్టి రోజూ అదే టైముకి తూచమన్నారు.

పేరు బంటి అని పెట్టాను.

పశువైద్యవిద్యార్థి · 2వ రోజు, సాయంత్రం 6:40

అన్నా, ఆ పేలని తేలిగ్గా తీసుకోవద్దు. 200 గ్రాముల ఒంట్లో ఉన్న రక్తమెంత? నలభై పేలు తాగితే మిగిలేదెంత? చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయో, పాలిపోయాయో రోజూ చూడండి. కుక్కలకి వాడే పేల మందు ఇంట్లో ఉన్నా పొరపాటున కూడా వాడొద్దు. చాలావాటిల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, పిల్లులకి అది విషం.

పాలు ఒక్కసారికి 100 గ్రాముల బరువుకి 4 మిల్లీలీటర్ల లెక్కన, అంటే మీదానికి ఎనిమిది. మూడు నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా.

ఇంకోటి, అది బంటి కాదు. తెలుపు, నలుపు, నారింజ మూడూ ఉన్నాయన్నారుగా. అయితే ఆడదే, తోకెత్తి చూడక్కర్లేదు. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. నలుపూ నారింజా ఒకే ఒంటి మీద రావాలంటే రెండు ఎక్స్‌లు కావాలి. మగవాటికి ఒక్కటే. అరుదుగా అదనపు ఎక్స్‌తో పుట్టే మగవి ఉంటాయి, అవి వేలల్లో ఒకటి. వందేళ్ళుగా ఊహిస్తూ వచ్చిన ఈ జన్యువు అసలు ఏదో 2025లో తేల్చారు, ఏఆర్‌హెచ్‌జీఏపీ36 అట. మా క్లాసులో ఆరోజు ఇదే గోల.

గోడమీదపిల్లి · 2వ రోజు, సాయంత్రం 6:52

అట్టపెట్టెలో దొరికిన ఆడపిల్ల. అట్టమ్మ అని పెట్టు.

మూడోఅంతస్తు · 2వ రోజు, సాయంత్రం 6:55

అదే ఖాయం.

మూడోఅంతస్తు · 4వ రోజు, ఉదయం 5:20

అక్కా, లేచి ఉంటే చూడండి. నిన్న 211, ఇవాళ 203. నీళ్ళ విరేచనాలు. పాలు నోటికి అందిస్తే తల తిప్పేస్తోంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

పిల్లులక్క · 4వ రోజు, ఉదయం 5:26

బరువు పెరగాల్సిన వయసులో తగ్గితే ఆగకూడదు. రోజుకి పది పదిహేను గ్రాములు పెరగాలి. వెచ్చగా చుట్టి వెట్ దగ్గరికి వెళ్ళిపోండి. బయల్దేరాక మెసేజ్ పెట్టండి, ఇక్కడ జవాబు కోసం చూడకండి.

మూడోఅంతస్తు · 4వ రోజు, మధ్యాహ్నం 1:10

మెడ దగ్గర చర్మం కింద సెలైన్ ఎక్కించారు. భుజాల మధ్య చిన్న మూపురంలా లేచి, గంటలో దిగిపోయింది. మొదటి రోజు నేను పట్టిన పాలు, పురుగులు, రెండూ కలిసి ఇలా చేశాయన్నారు. ఇప్పుడు మూడు మిల్లీలీటర్లు తాగింది. నేనే చేశాను కదా ఇది.

పిల్లులక్క · 4వ రోజు, మధ్యాహ్నం 1:15

టేపు వేసినవాడు చేశాడు. మీరు కాసేపు పడుకోండి.

మూడోఅంతస్తు · 7వ రోజు, ఉదయం 6:00

231.

గోడమీదపిల్లి · 7వ రోజు, ఉదయం 6:30

మా వాళ్ళు టెన్త్ మార్కులు చెప్పినప్పుడు కూడా ఇంత సంతోషం వేయలేదు.

మూడోఅంతస్తు · 13వ రోజు, రాత్రి 10:30

రాయడానికి తీరిక దొరకలేదు. 318 గ్రాములు. చెవులు పూర్తిగా లేచాయి, తలకి మించిన చెవులు. కింద చిగురులో బియ్యపు నూకల్లా పళ్ళు. పాల సీసా నిపుల్ కొరికి కన్నం పెద్దది చేసేసింది, రెండోది తేవాల్సి వచ్చింది.

ఇవాళొకటి జరిగింది. పాలు తాగాక టవలు మీద పెట్టాను. ముందుకాళ్ళు రెండూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ, పిండి కలుపుతున్నట్టు, వేళ్ళు విచ్చి మూసి విచ్చి మూసి. కళ్ళు మూతలు పడుతున్నాయి, కాళ్ళు మాత్రం ఆగట్లేదు. దగ్గరికెళ్తే లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు. ఫోన్ వైబ్రేట్ అవుతోందనుకుని జేబు తడుముకున్నాను.

పిల్లులక్క · 13వ రోజు, రాత్రి 10:44

గుర్రుగుర్రు మొదలైందన్నమాట. తల్లి పొట్ట మీద పాలు దిగడానికి అలాగే నొక్కుతాయి. పెద్దయ్యాక కూడా మానవు.

ఇప్పుడు వింతగా అనిపించే సలహా ఒకటి. ఇంటికి మనుషుల్ని పిలవండి. ఆడా మగా, గడ్డం ఉన్నవాళ్ళు, పిల్లలు, పెద్దవాళ్ళు. రెండు నుంచి ఏడు వారాల మధ్యే పిల్లికి మనిషి అలవాటవుతాడు. మీ ఒక్కరినే చూస్తూ పెరిగితే రేపు వేరే ఇంట్లో మంచం కింద బతుకుతుంది.

మూడోఅంతస్తు · 20వ రోజు, రాత్రి 8:00

ఇంక ఇల్లు వెతకడం మొదలుపెట్టాలి. నేను ఉంచుకోకూడదా అని చాలామంది మెసేజ్ పెడుతున్నారు. నిజం చెప్తాను. వచ్చే నెలనుంచి మళ్ళీ నెలలో పది రోజులు ఊళ్ళు తిరిగే పని. అప్పుడు దీన్ని ఎవరికో అప్పజెప్పి వెళ్ళడం, వాళ్ళు మర్చిపోవడం, ఇవన్నీ ఇప్పుడే కళ్ళకి కనిపిస్తున్నాయి. ఇష్టం ఉండటం వేరు, ఇంట్లో ఉండటం వేరు.

ఆఫీసులో ఒకాయన ఇప్పుడే ఇచ్చేయమంటున్నాడు, చిన్నప్పుడే ఇస్తే అలవాటవుతుందట.

సందేహంసున్నా · 20వ రోజు, రాత్రి 8:12

కరెక్టే కదా. ఇంకా లేటయితే మిమ్మల్ని మరిచిపోదు.

పశువైద్యవిద్యార్థి · 20వ రోజు, రాత్రి 8:35

కాదన్నా. ఎనిమిది వారాల లోపు ఇవ్వొద్దు, పన్నెండు దాకా ఆగితే ఇంకా మేలు. 2017లో ఫిన్లండ్ వాళ్ళు 5,700కి పైగా పిల్లుల మీద సర్వే చేశారు. ఎనిమిది వారాల లోపే తల్లికి దూరమైనవాటిలో దూకుడు ఎక్కువ కనిపించింది. మీ అట్టమ్మకి తల్లి ఎలాగూ లేదు, తోడబుట్టినవాళ్ళూ లేరు. కొరికితే తిరిగి కొరికి, ‘ఇంత గట్టిగా కాదు’ అని నేర్పేవాళ్ళు లేరు. అందుకే చేతిని బొమ్మలా ఆడించకండి. ఇంట్లో సాధువైన పిల్లి ఇంకోటి ఉన్నచోటికి వెళ్తే దీనికి చాలా మంచిది.

గోళ్ళు గీసుకుంటే సబ్బుతో పావుగంట నీళ్ళ ధార కింద కడిగి, డాక్టర్ని కనుక్కోండి. చిన్నదేగా అని వదిలేయకండి.

నీలిదారం · 20వ రోజు, రాత్రి 9:20

మొదటి రోజునుంచీ చదువుతున్నాను, మూడోఅంతస్తు గారూ. మా ఇంట్లో మూడేళ్ళ మగపిల్లి ఉంది, ఆపరేషన్ అయింది. పేరు మేస్త్రీ, ఇంట్లో ఏ మూల ఏ పని జరిగినా వచ్చి నిలబడి చూస్తాడు. అత్తగారు, మావారు, తొమ్మిదేళ్ళ బాబు. అడగాలని ఉంది, కానీ చాలా సందేహాలున్నాయి. మేస్త్రీ కొడితే? మా ఆడపడుచు కడుపుతో ఉంది, నెలకోసారి వస్తుంటుంది. పిల్లి వల్ల కడుపులో బిడ్డకి ప్రమాదమంటారు కదా. ఇవన్నీ తేలకుండా తీసుకుంటానని చెప్పలేను. వేరే ఎవరైనా సిద్ధంగా ఉంటే ఇచ్చేయండి, నా కోసం ఆగొద్దు.

పశువైద్యవిద్యార్థి · 20వ రోజు, రాత్రి 9:48

అక్కా, ఆ భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. పిల్లి మలంలో దాని గుడ్లు పడతాయి, నిజమే. కానీ పడిన వెంటనే అంటవు, ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. లిట్టర్, అంటే పిల్లి దొడ్డికెళ్ళే పెట్టెలోది, రోజూ తీసేస్తే ఆ దశ దాకా రాదు. ఆ పని కడుపుతో ఉన్నవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు చేస్తే సరి. బయట వేటాడకుండా, పచ్చిమాంసం తినకుండా ఇంట్లోనే ఉండే పిల్లి వల్ల ప్రమాదం ఇంకా తక్కువ. సరిగా ఉడకని మాంసం, తోటపనిలో మట్టి, వీటితోనే ఎక్కువ జాగ్రత్త. ఆవిడ తన డాక్టర్ని కూడా ఒకమాట అడిగితే నిశ్చింత.

పిల్లులక్క · 20వ రోజు, రాత్రి 10:05

మూడోఅంతస్తు, ఎవరికిచ్చినా ముందు ఇవి అడగండి. ‘పిల్లులంటే ఇష్టమా’ అని అడక్కండి, అందరూ ఇష్టమనే అంటారు. రాత్రి ఎక్కడ పడుకుంటుంది? రెండింటికి అరిస్తే ఎవరు లేస్తారు? కిటికీలకి, బాల్కనీకి మెష్ ఉందా? ఊరెళ్తే ఎవరు చూస్తారు? ఇంట్లో వద్దనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆపరేషన్ ఎప్పుడు చేయిస్తారు? ఆడపిల్లి నాలుగు నెలలకే కడుపుతో ఉండొచ్చు, రెండు నెలల్లో ఈనేస్తుంది. ఇవాళ అట్టపెట్టెలో దొరుకుతున్నవన్నీ అలా వచ్చినవే.

ఇల్లు కూడా ఒకసారి వెళ్ళి చూడండి.

మూడోఅంతస్తు · 41వ రోజు, రాత్రి 9:00

842 గ్రాములు. కళ్ళ నీలం పోయి లేత పచ్చ వస్తోంది. మొన్న మొదటి టీకా అయింది. లిట్టర్ పెట్టె దానంతటదే నేర్చుకుంది, ఒకసారి తీసుకెళ్ళి నిలబెట్టానంతే.

ఇవాళ ఆఫీసాయన వచ్చి తీసుకెళ్ళాడు. మంచివాడు, వాళ్ళమ్మాయికి పిల్లులంటే ప్రాణమట. దాని టవలు, సీసా కూడా ఇచ్చాను. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది.

పిల్లులక్క · 41వ రోజు, రాత్రి 9:07

ప్రశ్నలు అడిగారా?

మూడోఅంతస్తు · 41వ రోజు, రాత్రి 9:30

రోజూ పక్క సీట్లో కూర్చునే మనిషిని అవన్నీ అడగడానికి మొహమాటమేసిందక్కా.

మూడోఅంతస్తు · 44వ రోజు, రాత్రి 11:15

తిరిగొచ్చేసింది.

మొదటి రాత్రి హాల్లో ఒంటరిగా పెట్టి తలుపేసుకున్నారట. తెల్లవార్లూ అరిచిందట. రెండో రాత్రి బాల్కనీలో పెట్టారు. మెష్ లేదు, పైనుంచి పడకుండా బుట్ట బోర్లించారట. ఆయన భార్యకి మొదట్నుంచీ ఇష్టం లేదు, ఆ సంగతి ఇవాళ తిరిగిస్తూ చెప్పాడు. క్యారియర్ మూత తీస్తే బయటికి రాలేదు. అరగంటకి వచ్చి, నా చెప్పుల్లో దూరి కూర్చుంది.

ఆయన్ని అనడానికేం లేదు. అడిగుంటే చెప్పేవాడు.

సందేహంసున్నా · 44వ రోజు, రాత్రి 11:22

మనుషులు ఇంతే. ఇలాంటివాళ్ళ పేర్లు ఇక్కడ పెట్టాలి, అందరికీ తెలియాలి.

పిల్లులక్క · 44వ రోజు, రాత్రి 11:30

ఏ పేర్లూ పెట్టక్కర్లేదు. కుదరదని తెలిసి తిరిగి తెచ్చిచ్చాడు, ఏ స్తంభం వెనకో వదల్లేదు. నా మొదటి కూనని నేనూ ఇలాగే ఏమీ అడక్కుండా ఇచ్చాను. అది తిరిగి రాలేదు.

మూడోఅంతస్తు, ఇవాళ మీ మంచం దగ్గరే పడుకోనివ్వండి. రెండ్రోజుల్లో తేరుకుంటుంది.

నీలిదారం · 45వ రోజు, ఉదయం 7:40

ఇన్నాళ్ళూ ఊరికే లేను, అడగాల్సినవాళ్ళని అడుగుతున్నాను. ఆలస్యమైతే క్షమించండి. అక్క ప్రశ్నలకి వరసగా రాస్తున్నాను.

రాత్రి మా బాబు గదిలో. మొదటి రెండు వారాలు మాత్రం అత్తగారి గదిలో, విడిగా. రెండింటికి అరిస్తే అత్తగారే లేస్తారు, ఆవిడకి ఎలాగూ నిద్ర పట్టదు. ఇది ఆవిడే చెప్పారు. బాల్కనీకి మెష్ ఉంది, మేస్త్రీ కోసం వేయించాం. వంటింటి కిటికీకి లేదు, ఆదివారం వస్తానన్నాడు మెష్ అతను. ఊరెళ్తే మా తోటికోడలు. ఆపరేషన్ వెట్ ఎప్పుడంటే అప్పుడు, ఐదు నెలల లోపు. ఆడపడుచు వాళ్ళ డాక్టర్ని అడిగింది, లిట్టర్ జోలికి వెళ్ళొద్దు, చేతులు కడుక్కోమన్నారట. ఇంట్లో వద్దనేవాళ్ళు మొదట మావారు. ‘ఒకటి చాలదా’ అన్నారు. నేను బతిమాలలేదు. వారం తర్వాత ఆయనే ఈ చర్చ మొత్తం చదివి, 203 దగ్గర ఆగి, ‘తర్వాత ఏమైంది’ అని అడిగారు.

మేస్త్రీ ఏమంటాడో మాత్రం నాకు తెలియదు. కుదరకపోతే దాచకుండా చెప్తాను.

పిల్లులక్క · 45వ రోజు, ఉదయం 7:52

మూడోఅంతస్తు, ఇంకెవర్నీ వెతకొద్దు.

మూడోఅంతస్తు · 52వ రోజు, రాత్రి 8:45

వెళ్ళి ఇల్లు చూసొచ్చాను. ఇవాళ అప్పగించాను కూడా. రక్తపరీక్షలు అయ్యాయి, పిల్లులకొచ్చే లుకేమియా లేదు, రోగనిరోధకశక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవీ వైరస్ కూడా లేదు. 1,020 గ్రాములు. వాళ్ళబ్బాయి తలుపు దగ్గరే నేల మీద బోర్లా పడుకుని ఎదురుచూస్తున్నాడు, ‘నిలబడితే నేను మరీ పెద్దగా కనిపిస్తాను కదంకుల్’ అన్నాడు. ఆ మాట విన్నాక నాకు భయం పోయింది.

నీలిదారం · 58వ రోజు, మధ్యాహ్నం 2:30

అక్క చెప్పినట్టే చేస్తున్నాం. ఒకరినొకరు చూడనివ్వలేదు. అట్టమ్మ పడుకున్న టవలు మేస్త్రీ చోట, మేస్త్రీది ఇక్కడ. మొదటిరోజు వాడు టవల్ని వాసన చూసి, బుస్సుమని, దాని మీదే కూర్చున్నాడు. తిండి గిన్నెలు తలుపుకి అటొకటి ఇటొకటి, రోజూ జానెడు దగ్గరికి జరుపుతున్నాం. నిన్న తలుపు కిందనుంచి నల్లటి చిన్న పంజా ఒకటి బయటికొచ్చింది. మేస్త్రీ చాలాసేపు చూసి, తన పంజా దాని మీద పెట్టాడు. కొట్టలేదు, ఊరికే పెట్టాడు.

ఇంట్లో ఇంకో కష్టం వచ్చిపడింది. బాబు ‘అట్టమ్మా!’ అని పిలిస్తే మా అత్తగారు ‘ఆ, ఏంట్రా’ అంటున్నారు. నేను ‘అత్తమ్మా’ అంటే అది పరిగెత్తుకొస్తోంది. పేరు మారుద్దామంటే అత్తగారే ఒప్పుకోలేదు.

గోడమీదపిల్లి · 58వ రోజు, మధ్యాహ్నం 2:36

నేను పెట్టిన పేరు ఒక కాపురంలో ఇంత దూరం వెళ్తుందనుకోలేదు. అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

నీలిదారం · 66వ రోజు, రాత్రి 10:10

తలుపు తీశాం. మొదట బుస్, తర్వాత ఒక లెంపకాయ, గోళ్ళు లేకుండా. అట్టమ్మ వెల్లకిలా పడిపోయి వాడి తోక పట్టుకుంది. గంట తర్వాత మేస్త్రీ దాని మెడ కాలితో తొక్కిపట్టి చెవులు నాకుతున్నాడు. అది ఒప్పుకోదు, వాడు వదలడు. మా వారిని కొరికినంత గట్టిగా వాణ్ణి కొరికితే ఒక్కటిచ్చాడు. మర్నాటినుంచి మావారి చేతికి కూడా గాట్లు తగ్గాయి.

పశువైద్యవిద్యార్థి · 66వ రోజు, రాత్రి 10:25

చెప్పానా. పుస్తకాలు మేం చదువుతాం, పాఠం మాత్రం వాడు చెప్తాడు.

నీలిదారం · 128వ రోజు, సాయంత్రం 5:00

ఆపరేషన్ అయింది, మూడో రోజు. కుట్లు నాకకుండా మెడ చుట్టూ గరాటులాంటి కాలరు పెడితే గోడలకి గుద్దుకుంటూ తిరుగుతోంది. మేస్త్రీ వాసన మారిందని మళ్ళీ ఒకరోజు బుస్సుమన్నాడు, ఇప్పుడు సర్దుకున్నాడు. 2.3 కిలోలు. నిద్ర ఇద్దరిదీ అత్తగారి కాళ్ళ దగ్గరే. బాబు గది ఖాళీ.

మూడోఅంతస్తు · 129వ రోజు, రాత్రి 9:30

ఇవాళ చూడ్డానికి వెళ్ళాను. గుర్తుపడుతుందేమోనని దారంతా ఏదేదో అనుకున్నాను. వచ్చింది, నా బూటు వాసన చూసింది, వెళ్ళిపోయింది. నీలిదారం గారు పాపం ఏదో సర్దిచెప్పబోయారు. నాకు మాత్రం బాగానే ఉంది, ఎవరో చుట్టం వచ్చినట్టు చూసి తన పనిమీద తను పోయింది.

కాసేపయ్యాక నేను టేబుల్ మీద పెట్టిన బండి తాళంచెవి దగ్గరికొచ్చి కూర్చుంది. కాలరుతోనే. ఒక పంజాతో కొంచెం జరిపింది, నా వంక చూసింది. ఇంకొంచెం జరిపింది. కింద పడేదాకా వదల్లేదు.

పిల్లులక్క · 129వ రోజు, రాత్రి 9:41

ఆ తాళంచెవికి దారం గానీ కుచ్చు గానీ ఉంటే ఈసారి జేబులోనే పెట్టుకుని వెళ్ళండి. దారం మింగితే పేగులకి చుట్టుకుంటుంది.